వరద నీటిమట్టం పోస్టులు పాతబడ్డాక కూడా తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

మాది భద్రాచలానికి దిగువన గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. వరద సమాచారానికి వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. నది 43 అడుగులకు, అంటే మొదటి ప్రమాద హెచ్చరికకు చేరగానే, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పటి వీడియోను ఎవరో ‘ఇప్పుడే’ అంటూ పెడతారు. అంతే, బియ్యం బస్తాలు అటకెక్కుతాయి.

అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి చూశాను. పుకార్లు ఆగాయి గానీ, ఏ వాగు రోడ్డెక్కిందో చెప్పేవాళ్ల నోరూ మూతపడింది. తొలగిద్దామంటే అప్పటికే పక్క ఊళ్లకు పాకి ఉంటుంది. అధికారిక నీటిమట్టం ఫొటో పెడితే, మర్నాడు అదే ఫొటో తేదీ, సమయం కత్తిరించుకుని తిరిగొస్తోంది (అడ్మిన్ పెట్టినదే కదా అని దానికి నమ్మకం కూడా ఎక్కువ!).

ఎన్ని చేతులు మారినా, పాతదని పెద్దవాళ్లకు చూడగానే తెలిసేలా నీటిమట్టం పంపే పద్ధతి మీలో ఎవరికైనా పనిచేసిందా?