మల్లె మానేసింది, చేమంతి మొదలుపెట్టలేదు: దసరాకు పూలెలా?

మేడమీది కుండీలు (విజయనగరం):
వినాయకచవితి వెళ్లి పది రోజులయింది. పత్రికి తప్ప మా మేడ ఎందుకూ పనికిరాలేదు. మల్లె ఎప్పుడో ముగించింది. చేమంతి మోకాలెత్తు పెరిగింది గాని మొగ్గ జాడ లేదు. బంతికి కింది ఆకులు నల్లబడి రాలుతున్నాయి. దసరాకు గుమ్మానికి, ఆ తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడవచ్చే చుట్టాల జడలకు ఇంటి పూలే ఉండాలని అత్తగారి పట్టుదల. చేమంతిని తొందరపెట్టే మార్గం ఉందా? బంతిని ఎలా కాపాడుకోవాలి? ఇప్పుడు ఏ విత్తనాలు చల్లవచ్చు? కుండీలన్నీ వీధి వైపు పిట్టగోడ మీద ఉన్నాయి, ఎండకు లోటు లేదు.

పూలమాస్టారు:
ముప్పై ఏళ్లుగా చేమంతి పెంచుతున్నాను కనుక చెబుతున్నాను. నాటు చేమంతి కార్తీకంలో మొగ్గ తొడిగి మార్గశిరంలో విరగబూస్తుంది. దసరాకు కావాలంటే బజారే గతి. బంతికి విత్తనం నుంచి పువ్వు దాకా సుమారు రెండు నెలలు పడుతుంది, నారు నెలరోజులదైనప్పుడు తలలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఇవన్నీ శ్రావణంలోగా చేయవలసిన పనులు. పరీక్షకు ముందురోజు పుస్తకం తెరిచే పిల్లలను చాలామందిని చూశాను.

ఉద్దానం కొబ్బరి:
పిట్టగోడ మీద కుండీలా? అమ్మా, పూల సంగతి తరువాత. ముందు వాటిని కిందికి దించండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా మేడ మీది మందారం కుండీ పక్కింటి రేకుల మీద పడింది. రేకుల డబ్బు నేనే కట్టాను. ఆ ఇంటివారితో మాటలు నేటికీ అంతంత మాత్రమే. తోటలో కూలిన కొబ్బరిచెట్ల గురించి చెప్పను, చెబితే ఈ పూట అన్నం సహించదు.

నాగావళి గట్టు:
కుండీలు వీధి వైపు అన్నారు కదా, దీపస్తంభం ఎంత దూరంలో ఉంది? చేమంతికి మొగ్గ రావాలంటే పొడవైన చీకటి కావాలి, మధ్యలో వెలుగు పడకూడదు. రాత్రి నడుమ కాసేపు దీపం పడినా దానికి ఇంకా వేసవే అనిపిస్తుంది, ఆకులు వేస్తూనే పోతుంది. నిరుడు ఒకే తల్లి మొక్క పిలకలు రెండు కుండీల్లో పెట్టాను. గోడ చాటుది డిసెంబరులో పసుపు ముద్దలా పూసింది. దీపం కింద ఉన్నది సంక్రాంతికి కూడా ఆకుకూరలాగే ఉంది.

పూలమాస్టారు:
వీధిదీపానికి జడిసి పూయని పువ్వును నేను చూడలేదు. మా ఇంటి ముందు స్తంభం ఉంది, దాని మొదట్లోనే చేమంతి ఉంది, ప్రతి ఏడాదీ పూస్తోంది. ఫోనులో చూసినవన్నీ నిజాలు కావు. రెండు కుండీలతో శాస్త్రం తేలదు బాబూ.

నాగావళి గట్టు:
బాబూ అనకండి, నాకూ యాభై దాటాయి. పూల రైతులు పూతను వెనక్కి నెట్టాలంటే తోటలో రాత్రి బల్బులు వెలిగిస్తారు, ముందుకు లాగాలంటే సాయంత్రం నల్ల పట్టా కప్పుతారు. ఇది ఫోనులో పుట్టిన మాట కాదు.

పారిజాతం ఇల్లు:
ఎవరూ పారిజాతం మాట ఎత్తలేదేమి? అసలు ఈ కాలపు పువ్వు అదే. మాది నిండుగా పూస్తోంది, నాకు మాత్రం గుప్పెడు దక్కడం లేదు. నాలుగు గంటలకే ఎవరో సంచీతో వచ్చి కొమ్మ దులిపి మరీ పోతున్నారు. రాలినవి ఏరుకుంటే పుణ్యం, దులిపితే దొంగతనం కాదా?

మేడమీది కుండీలు:
స్తంభం మా పిట్టగోడకు రెండు బారల దూరంలో ఉంది. బంతి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కోటవీధి:
పారిజాతం దేవుడి పువ్వు. గోడ దాటిన కొమ్మ ఊరిది. రోడ్డు మీద రాలిన పువ్వుకు లెక్కలేమిటి?

పారిజాతం ఇల్లు:
మీరు ఏ వీధిలో ఉంటారో ఇప్పుడు అర్థమవుతోంది. సంచీ రంగు కూడా నాకు తెలుసు.

అరసవల్లి దారి:
దీపం సంగతి గట్టు గారు చెప్పిందే సరి. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, సెప్టెంబరు 23 నాటికి 12 గంటలకు దిగుతుంది. అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయని తెల్లవారకముందే వరుసలో నిలబడతాం కదా, మళ్లీ మార్చి 9, 10 తేదీల్లోనూ అంతే. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు ఆ వాకిలికి ఎదురవుతాడు. మబ్బు పడితే మనకు దర్శనం పోతుంది. చేమంతికి ఆ బాధ లేదు, అది చీకటిని లెక్కపెట్టుకుంటుంది.

పూలమాస్టారు:
దేవుడిని కుండీలోకి దించారు, బాగుంది. మరి నా చేమంతి ఎలా పూస్తోందో చెప్పండి.

నాగావళి గట్టు:
మాస్టారూ, కోపం వద్దు, ఒక్క ప్రశ్న. మీ స్తంభానికి దీపం వెలుగుతుందా?

తేలినీలాపురం పక్క ఊరు:
ఋతువు మారిందని మాకు చెప్పేది పూలు కావు, పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతున్నాయి. చింతచెట్ల మీద గూళ్ల కోసం పోట్లాట మొదలయింది. పూలు చూడాలంటే అంత దూరం రానక్కరలేదు, ఇవి చూడటానికి రండి.

పూలమాస్టారు:
దీపం పోయి ఏడాదిన్నర అయింది. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకున్న నాథుడు లేడు. అది వేరే విషయం.

కోటవీధి:
వేరే విషయమా మాస్టారూ! ఇందాకటి నుంచి అదే కదా విషయం. ఇక దీపం వేయించమని అర్జీ పెట్టకండి, ఈ ఏడాది పువ్వు పోతుంది.

జీవామృతం:
అన్నింటికీ మందు ఒక్కటే, జీవామృతం. 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి పూటపూటా కలపండి. మా పొలంలో రసాయనం చుక్క పడదు.

మేడమీది కుండీలు:
అయ్యా, నాకున్నవి పదకొండు కుండీలు. 200 లీటర్లు పోస్తే కింద అద్దెకున్నవారు ఖాళీ చేస్తారు.

రాజాం చెల్లి:
అక్కా, బంతి కుండీల కింద పళ్లేలు పెట్టారా? పెడితే తీసేయండి. ఈ ముసురుకు నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, దోమలు ఒకటి అదనం. నల్లబడిన ఆకులు తుంచి దూరంగా పారేయండి, సాయంత్రం పూట ఆకుల మీద నీళ్లు చల్లకండి. నేను పళ్లేలు తీయక కిందటేడాది తొమ్మిది మొక్కలు పోగొట్టుకున్నాను. విత్తనంతో దసరాకు ఏదీ అందదు. మొగ్గతో ఉన్న బంతి నారు కొనుక్కోండి. మీ అత్తగారు మేడ ఎక్కరు కదా, ఎవరు పెంచారో ఎవరికి తెలుస్తుంది? జడలకైతే కనకాంబరం ఉంది, దానికి దీపాల పట్టింపు లేదు. ఎండిన కాయ తడిస్తే చిట్లి గింజలు కుండీ అంతా ఎగురుతాయి, మా పిల్లలకు వానాకాలమంతా అదే ఆట.

ఉద్దానం కొబ్బరి:
కుండీలు దించారా లేదా?

మేడమీది కుండీలు:
పళ్లేలు ఉన్నాయి, తీసేశాను. నిన్న రాత్రి పదకొండింటికి మేడ ఎక్కితే చేమంతి దగ్గర పేపరులో పెద్ద అక్షరాలు చదవగలిగాను. ఆ కుండీలను నీళ్ల ట్యాంకు చాటుకు జరిపాను. మిగతావి నేల మీదికి దించాను, కొబ్బరి గారు నిశ్చింతగా ఉండండి. తీరా చూస్తే ట్యాంకు వెనుక మందారానికి తెల్లగా పిండినల్లి పట్టి ఉంది.

పూలమాస్టారు:
లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఇందులోనైనా నాతో ఎవరూ వాదించకండి.

జీవామృతం:
సబ్బు ఎందుకండీ? కుంకుడు రసం ఉండగా?

పారిజాతం ఇల్లు:
ఈ రోజు మూడున్నరకే లేచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. కోటవీధి గారూ, ఒంట్లో బాగానే ఉందా?