పన్ను పీకించుకున్నాను, మందులు వేసుకుంటూ పాపకి పాలివ్వచ్చా?

నమస్తే అండి. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. పాపకి మూడో నెల, నా పాలు తప్ప ఇంకేమీ పట్టడం లేదు. దవడ వాచిపోతే నిన్న విజయనగరం వెళ్లి పన్ను పీకించుకున్నాను. నొప్పి గోలలో పాలిచ్చే తల్లినని డాక్టరుకి చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే.

అమోక్సిసిలిన్ 500, మెట్రోనిడజోల్ 400 (రెండూ ఇన్ఫెక్షన్ తగ్గించే యాంటీబయాటిక్ మందులే), ఇంకా ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కలిసిన నొప్పి బిళ్ల, ఐదు రోజులకి రాశారు. మందుల షాపతను ‘ఐదు రోజులూ పాలు ఆపేయమ్మా’ అన్నాడు. అమ్మ అయితే ‘గుంటకి డబ్బా పాలు పట్టు, నీ పాలు పిండి పారబోసెయ్’ అంటోంది. ఆపేస్తే మళ్లీ పాలు పడతాయో లేదోనని నాకు ఒకటే టెన్షన్.

నేను చదివినంతలో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, అమోక్సిసిలిన్ కూడా పాలిచ్చే తల్లులకి మామూలుగా ఇస్తారు. నా భయమంతా మెట్రోనిడజోల్ గురించే. ఒకేసారి 2 గ్రాములు వేసుకుంటే 12 నుంచి 24 గంటలు పాలు ఆపమంటారట. నాది 400 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు. దీనికీ ఆపాలా? పాలు చేదెక్కుతాయని కూడా అంటున్నారు, మీ పిల్లలెవరైనా అలా మొహం తిప్పేసుకున్నారా? పాలిచ్చిన వెంటనే బిళ్ల వేసుకుంటే మేలా? పాపకి విరేచనాలు పలచగా అయితే ఎప్పుడు కంగారు పడాలి?

రేపు డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతాను. ఈలోగా ఈ మందులు వాడుతూ పాలిచ్చినవాళ్లు, నర్సులు, పిల్లల డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రాత్రి బిళ్ల ఇంకా వేసుకోలేదు.