గ్రహణం పూట రోకలి నిలబడటం: మామూలు రోజు నిలబడదా?

చంద్రగిరి_కుర్రోడు: గ్రహణమొస్తే చాలు, ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్ళు పోసి రోకలి నిలబెడతారు, టీవీవాళ్ళు చూపిస్తారు. సూర్యచంద్రుల లాగుడు వల్లేనట, విడుపు కాగానే పడిపోతుందట. దీన్ని పరీక్షించేదెట్లా? ఇంకోటి, కడుపుతో ఉన్నోళ్ళను కదలనీయకపోవడంలో ఏమైనా ఉందా?

పొన్నురోకలి: ఈరోజే నిలబెట్టండి, పంచాంగం అక్కర్లేదు. అడుగున ఇనప పొన్ను చదునుగా అరిగి ఉండాలి. అంచు ఒక పక్క లేచి ఉంటే ఏ గ్రహణానికీ నిలబడదు. తాంబాళం అడుగు ఉబ్బుగా ఉంటే ఊగుతుంది. ఫ్యాను ఆపి, రెండు చేతులా నిలువుగా పట్టుకొని, కదలిక ఆగాక ఒకేసారి వదలాలి. ఒక చెయ్యి ముందు తీస్తే రెండోది నెట్టేస్తుంది.

నాలుగడుగుల రోకలికి 6 సెంటీమీటర్ల వెడల్పు పొన్ను ఉంటే, దాదాపు 3 డిగ్రీలు ఒరిగేదాకా పడదు. చంద్రుడి ఆటుపోట్ల బలం భూమి ఆకర్షణలో కోటో వంతు. అది రోకలినేం నిలబెడుతుంది! పైగా సూర్యచంద్రులు ఇంచుమించు ఒకే వరసకు రావడం ప్రతి అమావాస్యకీ, పున్నమికీ ఉండేదే. గ్రహణం రోజు అందరూ ఓపిగ్గా ప్రయత్నిస్తారు, పడినవి టీవీలో రావు. అంతే కథ.

అలిపిరి_మెట్లు: లెక్కలు సరే సామీ, ఆచారాన్ని రోకలితో కొట్టేస్తే ఎట్లా? తిరుమల కొండ మీద గుడి తలుపులు మూసేది ఆగమం ప్రకారం, ఫిజిక్స్ చెప్పిందని కాదు. 2025 సెప్టెంబరు 7న పట్టు రాత్రి పదికైతే, మధ్యాహ్నం మూడున్నరకే మూశారు.

పొన్నురోకలి: ఆగమంతో నాకు పేచీ లేదన్నా. శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణ వేళా గుడి తెరిచే ఉంటుంది, రాహుకేతు పూజలు జరుగుతాయి. ఒకే రాహువు ఇక్కడ తాళం వేయిస్తాడు, అక్కడ టికెట్లు కోయిస్తాడు.

పాకాల_నర్సు: గర్భిణుల సంగతి. మొర్రి భయంతోనే కదా మంచానికి కట్టేసేది? బిడ్డ పెదవి 4–7 వారాల్లో, అంగిలి 6–9 వారాల్లో అతుక్కుంటాయి. ఎనిమిదో నెలలో చంద్రుణ్ణి చూస్తే ఏర్పడిన పెదవి చీలదు. తొలి నెలల్లో చూసుకోవాల్సింది పొగ, అదుపులో లేని షుగరు, కొన్ని మూర్ఛ మందులు. వాటి గురించి ఏ అత్తా అడగదు! గంటల తరబడి నీళ్ళు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు పస్తు ఇంకా ప్రమాదం.

చంద్రగ్రహణం ఉత్త కళ్ళతో చూడొచ్చు. సూర్యగ్రహణానికి ఎక్స్‌రే ఫిల్మూ, పసుపునీళ్ళలో ప్రతిబింబమూ రెండూ వద్దు; ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాల భద్రతా ప్రమాణం) ముద్ర ఉండి, గీతలు పడని అద్దాలే వాడాలి. 2027 ఆగస్టు 2న మనకు పాక్షికంగా ఉంది, అప్పటికి కొని పెట్టుకోండి. దర్భ ఊరగాయ జాడీ మీద వేసుకోండి, నష్టం లేదు. ఇడ్లీపిండి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టండి, దర్భకు పులుపు ఆగదు.