పచ్చ చుక్కలున్న పారమీసియం: మింగిన శైవలాలా, కలిసి బతుకుతున్నవా?

నమస్కారమండీ. హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. దుర్గం చెరువు ఒడ్డు నీటిని 400 రెట్లలో చూస్తే, ఒళ్లంతా శైలికలతో (ఈదడానికి ఆడించే సన్నటి నూగుతో) చెప్పు ఆకారంలో ఈదే జీవి కనిపించింది. లోపల నిండా గుండ్రటి పచ్చ చుక్కలు! యూగ్లీనా అనే పచ్చటి ఏకకణజీవి కాదు, దానికి కశాభం (కొరడాలాంటి పొడవాటి తోక) ఉంటుంది. పారమీసియం బర్సేరియా అనే ఏకకణజీవి అనుకుంటున్నాను. దానిలో కాపురముండే క్లోరెల్లా అనే పచ్చ శైవలం (నాచు) దానికి చక్కెర అందిస్తుంది. కానీ ఇవి అప్పుడే మింగిన శైవలాలైతే? మామూలు కాలేజీ మైక్రోస్కోప్‌తో తేడా ఎలా పట్టాలి? మేత వేయకుండా వెలుగులో ఉంచితే తెలుస్తుందా?

ఇంకో సందేహం. యూగ్లీనా హరితరేణువు చుట్టూ మూడు పొరలుంటాయి, ఎప్పుడో దాని పూర్వీకులు మింగిన ఆకుపచ్చ శైవలం నుంచి వచ్చింది కాబట్టి. బర్సేరియా అదే దారిలో సగం నడిచిందని పిల్లలకు చెప్పొచ్చా? నాకది తొందరపాటే అనిపిస్తోంది. ప్రోటిస్టులను (ఇలాంటి ఏకకణజీవులను) పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.