మ్యుటేషన్ ఫైలు తీసుకుని కోర్టుకు రమ్మని సమన్లు: పై అనుమతి కావాలా, ఎంతవరకు చెప్పొచ్చు?

రికార్డు_సెక్షన్ (ప్రశ్న):

తహసీల్దార్ ఆఫీసులో రికార్డు చూసే పని నాది. ఇద్దరు అన్నదమ్ముల మధ్య 2021లో వేసిన పార్టిషన్ సూట్‌లో (ఆస్తి పంపకాల దావాలో) సివిల్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ప్రభుత్వం పార్టీ కాదు. 2014 నాటి మ్యుటేషన్ (భూమి రికార్డులో హక్కుదారు పేరు మార్పు) ఫైలు ఒరిజినల్ తెచ్చి సాక్ష్యం చెప్పాలని, తహసీల్దార్ గానీ ఆయన అధీకృతం చేసిన వ్యక్తి గానీ రావాలని ఉంది. నన్ను పంపుతున్నారు. ఆర్డరు ఇచ్చిన తహసీల్దార్ ఎప్పుడో బదిలీ అయ్యారు. ఫైల్లో కరెంట్ ఫైలుతో (అర్జీలు, నోటీసులు, ఉత్తరాలు) పాటు నోట్ ఫైలు (ఆఫీసు లోపల రాసుకున్న నోట్లు), పైన "కాన్ఫిడెన్షియల్" అని రాసిన ఒక విచారణ నివేదిక ఉన్నాయి. నోట్ ఫైలు తీసి పక్కన పెట్టి మిగతాది పట్టుకెళ్లమని ఆఫీసులో ఒకరి సలహా. వాది లాయరు ముందే ఒకసారి ఫైలు చూపించమని కబురు పెట్టారు. ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏది చూపించాలి, బోనులో ఎంతవరకు మాట్లాడాలి?

పాత_సూపరింటెండెంట్:

కలెక్టరేట్ నుంచి రాతపూర్వక అనుమతి వచ్చేదాకా కదలొద్దు. ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా సాక్ష్యం చెప్పకూడదు. వాయిదాకు రాకపోతే ఇంకో వాయిదా అడగండి.

సివిల్_ప్రాక్టీస్:

పై సలహా ఈ సందర్భానికి సరిపోదండి, పాటిస్తే మీ తహసీల్దార్ గారికే వారెంటు వచ్చే ప్రమాదం ఉంది. ముందస్తు అనుమతి నియమం ఎవరైనా వ్యక్తి గానీ, కమిటీ గానీ, సంస్థ గానీ జరిపే విచారణల కోసం పెట్టినది. కేంద్ర ఉద్యోగుల 1964 సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) ప్రవర్తనా నియమాల్లో 10వ నియమం చూడండి: ప్రభుత్వమో, పార్లమెంటో, శాసనసభో నియమించిన అథారిటీ ముందు, న్యాయ విచారణలో, డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీలో ఇచ్చే సాక్ష్యానికి అది వర్తించదని అందులోనే ఉంది. మీకు వర్తించేది రాష్ట్ర నియమావళి, అందులో నంబర్లు వేరు. కానీ ఏ నియమావళీ సివిల్ కోర్టు సమన్లను ఆపలేదు. సమన్లు అందుకుని కారణం లేకుండా రాకపోతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 16 రూల్ 10 కింద ప్రొక్లమేషన్ (బహిరంగ ప్రకటన), వారెంటు, ఆస్తి జప్తు దాకా కోర్టు వెళ్లగలదు. పై అధికారికి తెలియజేయడం వేరు, అనుమతి కోసం ఆగడం వేరు. తెలియజేయండి, ఆగకండి.

తర్వాత సమన్లలో సరిగ్గా ఏముందో చదవండి. రికార్డు తెమ్మని మాత్రమే ఉంటే ఆర్డర్ 16 రూల్ 6 చాలు: రికార్డు కోర్టుకు చేరేలా చేస్తే పాటించినట్టే, మనిషి స్వయంగా రానక్కర్లేదు. తెచ్చి ఇచ్చినంత మాత్రాన ఆ మనిషి సాక్షి అయిపోడు, అతణ్ని క్రాస్ (ఎదుటి పక్షం ప్రశ్నించడం) చేయడానికి వీల్లేదు (పాత సాక్ష్య చట్టం సెక్షన్ 139). మీ సమన్లలో "సాక్ష్యం చెప్పాలి" అని కూడా ఉంది కాబట్టి బోను ఎక్కాల్సిందే.

ఒరిజినలే ఎందుకు అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. మన సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో రూల్ 129 ప్రకారం ప్రభుత్వ ఆఫీసు రికార్డు తెప్పించమని అడిగే పార్టీ అఫిడవిట్ వేయాలి. ఏ పత్రం కావాలి, కేసుకు దాంతో ఏం సంబంధం, సర్టిఫైడ్ కాపీకి అప్లై చేశారా, చేస్తే ఏమైంది అన్నవి అందులో రాయాలి. సంతకం మీద వివాదమో, దిద్దుబాటు ఆరోపణో ఉంటే ఒరిజినల్ తప్పదు. అలాంటిదేం లేకపోతే సర్టిఫైడ్ కాపీతో సరిపెట్టమని తహసీల్దార్ పేరుతో కోర్టుకు లెటర్ పెట్టుకోవచ్చు. ఒప్పుకునేదీ లేనిదీ జడ్జి గారి ఇష్టం. జవాబు వచ్చేలోపు వాయిదా వస్తే ఒరిజినల్‌తోనే వెళ్లండి.

ఇంకో సంగతి. భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చినా, ఆ రోజుకే పెండింగులో ఉన్న కేసులు 1872 చట్టం కిందే నడుస్తాయి (కొత్త చట్టం సెక్షన్ 170). మీ సూట్ 2021ది కాబట్టి లెటర్లలో పాత సెక్షన్లే రాయండి. కొత్త నంబర్లు రాసి తిప్పి పంపించుకున్న కాగితాలు ఈ మధ్య చాలా కనిపిస్తున్నాయి.

జిల్లా_ఆఫీసు_మాన్యువల్:

నోట్ ఫైలు తీసి పక్కన పెట్టమన్న సలహా దగ్గర ఆగాలి. అది చాలా ప్రమాదకరమైన సలహా. సమన్లలో "ఫైలు" అని ఉంటే నోట్ ఫైలు, కరెంట్ ఫైలు కలిపి ఫైలు. అభ్యంతరం ఉన్నా సరే పత్రాన్ని కోర్టుకు తీసుకురావాల్సిందేనని సాక్ష్య చట్టం సెక్షన్ 162 (కొత్త చట్టంలో 165) చెబుతోంది. అభ్యంతరం చెల్లుతుందా లేదా తేల్చేది కోర్టు. అందువల్ల రహస్యం అనుకున్న కాగితాలను సీల్డ్ కవరులో పెట్టి, కవరు మీద పేజీ నంబర్లు రాసి, అభ్యంతరాన్ని రాతలో జతచేసి తీసుకెళ్లాలి. ఇంట్లోనో బీరువాలోనో వదిలి వెళ్తే కోర్టు ఆదేశం ధిక్కరించినట్టవుతుంది.

ఆ అభ్యంతరం కూడా మీరో నేనో లేవనెత్తేది కాదు. ప్రచురించని ప్రభుత్వ రికార్డు, రాజ్య వ్యవహారాలకు సంబంధించినదైతే, శాఖాధిపతి అనుమతి ఇవ్వాలి లేదా నిరాకరించాలి (సెక్షన్ 123, కొత్తది 129). నిరాకరిస్తే శాఖాధిపతో మంత్రో అఫిడవిట్ వేస్తారు. ఆ పత్రాన్ని స్వయంగా చదివానని, బయటపడితే ప్రజాప్రయోజనానికి ఫలానా నష్టం అని అందులో ఉండాలి. "ఫైలు కాన్ఫిడెన్షియల్" అన్న ఒక్క వాక్యంతో వేసిన అఫిడవిట్లు నిలబడవు. ప్రధాని పర్యటన భద్రతకు సంబంధించిన బ్లూ బుక్ విషయంలో వచ్చిన యూపీ ప్రభుత్వం వర్సెస్ రాజ్ నారాయణ్ (1975) తీర్పులో, అవసరమైతే పత్రాన్ని తానే చూసి తేల్చే అధికారం కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 1981 నాటి ఎస్.పి. గుప్తా తీర్పు వెల్లడి వైపు ఇంకా గట్టిగా నిలిచింది. అన్నదమ్ముల భూమి మ్యుటేషన్ మీద డిప్యూటీ తహసీల్దార్ రాసిన నోట్ రాజ్య వ్యవహారం అని వాదించడానికి ఆస్కారమే లేదని నా అభిప్రాయం.

"కాన్ఫిడెన్షియల్" నివేదిక సంగతి కొంచెం వేరు. అది పై అధికారికి నమ్మకంతో పంపిన అంతర్గత నివేదిక అయితే సెక్షన్ 124 (కొత్తది 130) కింద, బయటపెడితే ప్రజాప్రయోజనం దెబ్బతింటుందని అనుకున్న అధికారిని బలవంతం చేయకూడదు. కానీ అది నిజంగా అధికారిక విశ్వాసంతో ఇచ్చినదేనా అన్నది కోర్టు చూస్తుంది. రెవెన్యూ ఎగవేత గురించి సమాచారం ఇచ్చిన మనిషి పేరు అందులో ఉంటే సెక్షన్ 125 రక్షణ రెవెన్యూ అధికారికి ఉంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని ఒత్తిడి చేయలేరు. ఈ కాగితాన్ని ఇప్పుడే తహసీల్దార్ గారి ముందు పెట్టి, జిల్లా జీపీ (ప్రభుత్వ ప్లీడర్) గారి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. వాయిదా రోజు ఉదయం ఫోను చేస్తే పని జరగదు.

వెళ్లే ముందు చేయాల్సినవి: ప్రతి పేజీకి నంబరు వేసి ఇండెక్స్ రాయండి, రెండు సెట్ల అటెస్టెడ్ కాపీలు తీయించండి, ఫైలు బయటికి వెళ్లినట్టు మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయండి, మీ పేరు మీద తహసీల్దార్ సంతకంతో ఆథరైజేషన్ లెటర్ తీసుకోండి. కోర్టులో ఒరిజినల్ చూపించి, కాపీతో సరిపోల్చుకుని కాపీ ఉంచుకోమని కోరండి. ఆర్డర్ 13 రూల్ 5 ఇందుకు వీలిస్తుంది. ఒరిజినల్ కోర్టులోనే ఉంచితే రసీదు లేకుండా బయటికి రావద్దు. ఫైళ్లు పోయేది ఇక్కడే.

ఫైలు డిస్పోజల్ కూడా చూడండి. డి.డిస్ (పదేళ్లు ఉంచి తర్వాత ధ్వంసం చేసే వర్గం) కింద ముగిసిన 2014 ఫైలుకు పదేళ్ల గడువు దాటింది. ధ్వంసం చేయాల్సిన జాబితాలో అది ఉంటే ఇవాళే ఆపించండి. సమన్లు తెలిసి, కోర్టుకు చేరకూడదని నాశనం చేస్తే అది నేరం (బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 241). ఇప్పటికే పోయి ఉంటే ధ్వంస రిజిస్టర్ నకలుతో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. "దొరకలేదు" అని నోటితో చెప్పి ఊరుకుంటే కుదరదు.

సివిల్_ప్రాక్టీస్:

బోనులో సంగతి. మీరు 2014లో ఆ సీట్లో లేరు కాబట్టి మీకు తెలిసింది రికార్డు మాత్రమే. "రికార్డు ప్రకారం" అన్న మాటతో మొదలుపెట్టండి, రికార్డులో ఉన్నంతే చెప్పండి. పాత తహసీల్దార్ సంతకం మీకు పరిచయం ఉంటేనే గుర్తుపట్టానని చెప్పండి. చీఫ్‌లో (పిలిచిన పక్షం వేసే ప్రశ్నల్లో) ఇబ్బంది ఉండదు. క్రాస్‌లో వచ్చే ప్రశ్నలు వేరేలా ఉంటాయి: పహాణీలో విస్తీర్ణం ఒకటి, 1బిలో (హక్కుల రికార్డులో) ఇంకొకటి ఎందుకుంది? నోటీసు తమ్ముడికి అందకుండానే ఆర్డరు ఇచ్చారు కదా? దీనికి కారణం ఊహించి చెప్పడం మొదలుపెడితే మీ ఊహే ఆఫీసు వైఖరిగా డిపోజిషన్‌లో (కోర్టు రాసుకునే మీ వాంగ్మూలంలో) ఎక్కుతుంది. "నోటీసు అందినట్టు సంతకం 14వ పేజీలో ఉంది" లేదా "అందినట్టు కాగితం ఫైల్లో లేదు", అంతవరకే. ఆర్డరు సరైనదా అని అడిగితే అది తేల్చే అధికారం మీకు లేదని చెప్పండి. జ్ఞాపకం లేకపోతే ఫైలు చూసి చెప్తానని అనుమతి అడగొచ్చు. మీ డిపోజిషన్ చదివి వినిపించాకే సంతకం పెట్టండి.

మీ ద్వారా సాక్ష్యంగా మార్క్ అయ్యే కాగితాలకు ఎక్స్ సిరీస్ నంబర్లు (ఎక్స్-1, ఎక్స్-2 అని) పడతాయి. ఆ నంబర్లు రాసుకుని వచ్చి ఫైల్లో నోట్ పెట్టండి.

వాది లాయరుకు ముందే ఫైలు చూపించొద్దు. అది కోర్టు అడిగిన రికార్డు, ఒక పక్షానికి ముందు చూపించాల్సినది కాదు. కావాలంటే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయమనండి.

రికార్డు_సెక్షన్:

ధన్యవాదాలు సార్. రెండు చిన్న సందేహాలు. సమన్లు పాత తహసీల్దార్ గారి పేరు మీద వచ్చి ఉంటే ఏం చేసేవాళ్లం? నాకు ఆ రోజు డ్యూటీ కిందికి వస్తుందా?

జిల్లా_ఆఫీసు_మాన్యువల్:

పేరు మీద వస్తే ఆయన ఇప్పుడు పనిచేసే ఆఫీసుకు పంపి, పంపినట్టు కోర్టుకు తెలియజేయాలి. ఆయన వచ్చినా పాత ఆఫీసు ఫైలు ఆయన చేతికి ఇవ్వకూడదు, రికార్డు మాత్రం ఆథరైజేషన్‌తో మీలాంటివారే తీసుకెళ్లాలి.

ఉద్యోగరీత్యా తెలిసిన విషయం మీద సాక్ష్యానికి వెళ్లడం డ్యూటీయే. కోర్టు నుంచి హాజరు సర్టిఫికెట్ తెచ్చుకుని టీఏ (ప్రయాణ భత్యం) బిల్లుకు జతచేయండి. కోర్టులో బత్తా ఇస్తే బిల్లులో చూపించండి. ఉద్యోగంతో సంబంధం లేని కేసులో, మీ సొంత ప్రయోజనం లేకుండా సాక్షిగా పిలిస్తే స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. సొంత కేసైతే మీ లీవే పెట్టుకోవాలి.

సమాచార_హక్కు:

ఒకటి కలుపుతాను. ఇదే ఫైలు కోసం ఆ అన్నదమ్ముల్లో ఒకరు ఆర్టీఐ దరఖాస్తు పెడితే, "కోర్టులో కేసు ఉంది" అని తిరస్కరించే పీఐఓలు (పౌర సమాచార అధికారులు) చాలామంది ఉన్నారు. సెక్షన్ 8(1)(బి) కోర్టు స్పష్టంగా వెల్లడిని నిషేధించినప్పుడు, లేదా వెల్లడి కోర్టు ధిక్కారం అయ్యేటప్పుడే వర్తిస్తుంది. కేసు నడవడం ఒక్కటే కారణం కాదు. జవాబుకు 30 రోజులు. మూడో వ్యక్తి సమాచారం ఉంటే 5 రోజుల్లో అతనికి నోటీసు, అతనికి 10 రోజుల గడువు, మొత్తం 40 రోజుల్లో నిర్ణయం. ఇచ్చేది పీఐఓ మాత్రమే. పక్క సీటువాళ్లు తెలిసినవాళ్ల కోసం సెల్‌ఫోనులో ఫోటో తీసి పంపడం దీని కిందికి రాదు. సీసీఎస్ 11వ నియమం కూడా 2005 తర్వాత ఆర్టీఐ ప్రకారం సమాచారం ఇవ్వమంటూనే, అధికారం లేనివారికి అధికారిక పత్రం ఇవ్వడాన్ని నిషేధిస్తోంది.

ఫైల్లో అవినీతి కనబడితే ఏం చేయాలని కూడా కొందరు అడుగుతుంటారు. కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర సంస్థలకు 2004 పీఐడీపీఐ తీర్మానం (అవినీతిని బయటపెట్టినవారి పేరు రహస్యంగా ఉంచేది) ఉంది. కవరు మీద పీఐడీపీఐ అని రాసి, లోపల పేరు, చిరునామా ఇచ్చి సీవీసీకి (కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు) పంపాలి. పేరు లేని ఫిర్యాదు దీని కింద తీసుకోరు. రాష్ట్ర ఉద్యోగులకు ఇది వర్తించదు. 2014లో చట్టమైన విజిల్ బ్లోయర్స్ చట్టం అమల్లోకి రాలేదు. యశ్వంత్ సిన్హా (రఫేల్ పత్రాల) కేసులో 2019లో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా బయటికొచ్చిన పత్రాలనూ పరిశీలిస్తామంది గదా అని కొందరు ధైర్యపడుతున్నారు. ఆ తీర్పు కాగితం కోర్టులో పనికొస్తుందా అన్నదాని గురించే. ఆ కాగితం బయటికి ఇచ్చిన ఉద్యోగి మీద శాఖాపరమైన చర్యను అది ఆపదు.