అప్‌డేట్: పాలిచ్చే పిల్లికి వణుకు, కాల్షియం తగ్గడం వల్లే

ఈనిన మూడో వారంలో తల్లిపిల్లి రొప్పుతూ, కాళ్లు బిగుసుకుని వణుకుతోందని, కారణమేంటని ఇంతకుముందు పోస్టులో అడిగాను. రక్తపరీక్షలో కాల్షియం బాగా తక్కువని తేలింది. డాక్టర్ గుండె చప్పుడు వింటూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి మెల్లగా ఎక్కించారు. వేగంగా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. ఇంట్లో ఆగి చూసే జబ్బు కాదిది, ఫిట్స్ వస్తే ప్రాణం మీదికే.

ఒక రోజు కూనల్ని వేరుగా ఉంచి, పిల్లికూనల పాలపొడి కలిపి, బోర్లా ఉంచి పట్టాలి. ఆవుపాలు వద్దు, విరేచనాలవుతాయి. రోజూ తూకం వేస్తే కూన 10–15 గ్రాములు పెరగాలి. తల్లికి కిట్టెన్ ఫుడ్, తిన్నంత.

కడుపుతో ఉన్నప్పుడే కాల్షియం మాత్రలు వేయమని కొందరిచ్చే సలహా మాత్రం పాటించకండి. బయటి నుంచి అందుతుంటే, ఎముకల్లోంచి కాల్షియం తీయించే పారాథైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది; పాలు ఎక్కువయ్యే వేళకు ఈ ముప్పే పెరుగుతుంది.