‘అక్రమ వలసదారు’ అనవచ్చునా?

తిరుపతి నుంచి ప్రశ్న:

గుంపులోని పెద్దలకు నమస్కారం. న్యాయశాస్త్రం చదివే పిల్లల కోసం యూరోపియన్ యూనియన్ వలస చట్టాల మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. నిన్న ఒక అమ్మాయి నా రాతప్రతిలో ఒక మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ‘ఎవరు తేల్చారు?’ అని రాసి ఇచ్చింది. ఆ వాక్యం: ‘పడవలో ఇటలీ తీరం చేరిన అక్రమ వలసదారులు ఆశ్రయం కోరారు.’ వార్తల్లో రోజూ చదివే మాట కదా అని ఆలోచించకుండా రాసేశాను. రాత్రంతా ఆ సున్నా నన్ను వదలలేదు. ఏమనాలో చెప్పండి.

చిత్తూరు న్యాయవాది:

మాస్టారూ, ఆ అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం 31వ అధికరణం చూడండి. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటి నుంచి నేరుగా వచ్చిన శరణార్థి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వచ్చి తగిన కారణం చూపితే, అనుమతి లేకుండా ప్రవేశించినందుకు అతన్ని శిక్షించకూడదు. యూనియన్‌లోని 27 దేశాలూ ఆ ఒప్పందంలో ఉన్నాయి. యూనియన్ ప్రాథమిక హక్కుల పత్రం 18వ అధికరణం ఆశ్రయ హక్కుకు హామీ ఇస్తుంది. ఉండే హక్కు లేనివారిని తిరిగి పంపడానికి 2008లో చేసిన ఆదేశంలో సైతం చట్టవిరుద్ధమన్నది ‘ఉండటాన్ని’, మనిషిని కాదు. నా సలహా: దరఖాస్తు తేలేవరకు ‘ఆశ్రయార్థి’, రక్షణ దొరికాక ‘శరణార్థి’.

పుత్తూరు తెలుగు ఉపాధ్యాయురాలు:

అన్నగారూ, చట్టం మీరు చెప్పినట్టే. మాట దగ్గరే నాకు అభ్యంతరం. రెండింటి చివరా ఉన్న ‘అర్థి’ అంటే కోరేవాడే. విద్యార్థి అంటే చదువు పూర్తయినవాడు కాదు కదా! అడిగినవాడికీ పొందినవాడికీ తేడా ఈ జంటలో కనిపించదు. ‘శరణాగతుడు’ అందామంటే, తిరుపతిలో ఆ మాట వినగానే చేతులు కొండవైపు జోడిస్తారు. పాత పత్రికల్లోని ‘కాందిశీకుడు’ నాకు ఎంతో ఇష్టం. ‘ఏ దిక్కుకు పోను?’ అన్న ప్రశ్నే సంస్కృతంలో పేరుగా మారిందంటారు. ఇంతకంటే నిజమైన పేరు ఏ భాషలో ఉంటుంది! కానీ ఈ తరం పిల్లలకు అర్థం విప్పి చెప్పాలి. అందుకే, మాస్టారూ, నామవాచకం కోసం వెతకడం మానండి. ఆశ్రయం కోరినవారు, ఆశ్రయం పొందినవారు, ఆశ్రయం దొరకనివారు. క్రియ మార్చితే చాలు, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిపోతుంది.

ఇక ‘వలస’. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తీయండి. శత్రుసేన భయంతో ఇల్లు విడిచిపోవడమన్న అర్థం అందులో ఉంది. ఒప్పందంలో శరణార్థికి ఇచ్చిన నిర్వచనానికీ ప్రాణం భయమే: జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసిస్తారన్న సహేతుకమైన భయం. ఆ భయాన్ని మోసిన మాటనే ఇప్పుడు భయంతో వచ్చినవారి మీద నిందగా విసురుతున్నాం. నాకు బాధ అక్కడే. ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఆమదాలవలస ఊళ్ల పేర్లు. అక్కడ వలస అంటే చేరి నిలిచిన చోటు.

కుప్పం సభ్యుడు:

మా చుట్టూ కన్నడంలో ‘వలసె’, తమిళంలో ‘వలసై’. తమిళంలో పక్షుల రాకపోకలకూ అదే మాట. అక్కా, ఒక సందేహం. మా ఊరి నుంచి తెల్లవారుజామున క్యారియర్ పట్టుకుని బెంగళూరు రైలెక్కేవారు రాష్ట్రం దాటుతున్నారు. రాజ్యాంగం 19వ అధికరణం వారికి ఆ హక్కు ఇచ్చింది. పోలండ్ మనిషి పనికి జర్మనీ వెళితే అదీ వలసేనా?

చిత్తూరు న్యాయవాది:

వాడుకలో వలసే తమ్ముడూ, యూనియన్ చట్టంలో కాదు. అది సభ్యదేశాల పౌరుల స్వేచ్ఛాసంచారం. వలస, ఆశ్రయ విధానాలు బయటి దేశాల పౌరులకు.

మాస్టారూ, ‘సంఘీభావం’ అన్న మాటనూ ఒకసారి చూసుకోండి. మన పత్రికల్లో దీక్షా శిబిరానికి వెళ్లి కాసేపు కూర్చుంటే అది సంఘీభావం. యూనియన్ పనితీరు ఒప్పందం 80వ అధికరణంలో అది సభ్యదేశాలు బాధ్యతను న్యాయంగా పంచుకోవడం. ఆశ్రయ దరఖాస్తును ఏ దేశం పరిశీలించాలో చెప్పే డబ్లిన్ నిబంధనల కింద మొదట అడుగుపెట్టిన దేశం మీదే తరచూ భారం పడి, ఇటలీ, గ్రీసు మొత్తుకున్నాయి. 2024లో ఆమోదించిన కొత్త చట్టాల ప్రకారం ఇతర దేశాలు కొందరిని తమ దగ్గరికి తీసుకోవాలి, లేదా డబ్బు ఇవ్వాలి, లేదా మరో రూపంలో సాయపడాలి. ‘బరువు పంచుకోవడం’ అని రాస్తే పిల్లలకు సూటిగా అందుతుంది.

తిరుపతి నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. ‘బరువు’ అంటే మనుషులే బరువన్నట్టు వినిపిస్తుంది కాబట్టి ‘బాధ్యత పంచుకోవడం’ అని రాశాను. మొదటి వాక్యం ఇలా మార్చాను: ‘పడవలో ఇటలీ తీరం చేరినవారు ఆశ్రయం కోరారు.’ అమ్మాయికి చూపించాను. చదివి, తన పెన్సిలు సున్నాను తనే రబ్బరుతో చెరిపేసింది.